యుద్ధకాలపు సైనిక ప్యాచ్‌లు: అసలువా, తర్వాత కుట్టినవా? తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు నుంచి ప్యాచ్‌లు సేకరించేవారు అడిగే సందేహాలు తిరిగి తిరిగి అవే వస్తున్నాయి. అందుకే జవాబులన్నీ ఒకచోట చేర్చాను. ఇక్కడ ప్రధానంగా రెండో ప్రపంచ యుద్ధకాలపు గుడ్డ ప్యాచ్‌ల గురించే, అంటే సైనికులు చేతి పైభాగాన పెట్టుకున్న గుర్తుల గురించే ఉంటుంది. మన ప్రాంతపు ఇళ్లలోని పాత పెట్టెల్లో ఎక్కువగా బయటపడేవి అవే. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మా తాతగారు మద్రాసు రెజిమెంటులో పనిచేశారు. ఆయన పెట్టెలో దొరికిన ప్యాచ్ మీద ఆ పేరే లేదు. అది ఆయనది కాదా?

ఆయనదే అయి ఉండవచ్చు. రెజిమెంటు పేరు భుజం మీది లోహపు అక్షరాల్లోనో, టోపీ బ్యాడ్జీలోనో ఉంటుంది. చేతి పైభాగాన పెట్టుకునే గుడ్డ ప్యాచ్ మాత్రం ఆ పటాలం అప్పట్లో ఏ డివిజన్ (చాలా పటాలాలు కలిసిన పెద్ద దళం) కింద పోరాడుతోందో చెబుతుంది. శత్రువుకు వివరాలు తెలియకూడదని దాని మీద అక్షరాలు లేకుండా బొమ్మ మాత్రమే వేసేవారు.

ఆనాడు చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. తిరుపతి కూడా 2022లో వేరే జిల్లా అయ్యేదాకా ఈ జిల్లాలోనిదే. ఈ ప్రాంతం నుంచి మద్రాసు రెజిమెంటులో చేరినవారు ఉన్నారు, బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాసు శాపర్లలో (సైన్యపు ఇంజనీరింగ్ దళంలో) చేరినవారూ ఉన్నారు. శాపర్ల కంపెనీలు వేర్వేరు డివిజన్లతో వేర్వేరు రంగాలకు వెళ్లాయి. అందువల్ల ఒకే ఊరివాళ్లు, ఒకే దళంలో చేరినవాళ్లు కూడా వేర్వేరు ప్యాచ్‌లు పెట్టుకుని ఉండవచ్చు.

ప్యాచ్‌ను డిశ్చార్జి పుస్తకంతో, పతకాలతో కలిపి చూడండి. పతకం బర్మా స్టార్ ఒక్కటే ఉండి, ప్యాచ్ ఇటలీలో పోరాడిన 8వ డివిజన్‌ది అయితే ఆ రెండూ ఒకే మనిషివి అనడానికి వేరే ఆధారం కావాలి. సర్వీసు వివరాల కోసం మద్రాసు రెజిమెంటు అయితే నీలగిరిలోని వెల్లింగ్టన్ కేంద్రానికి, శాపర్లు అయితే బెంగళూరు కేంద్రానికి రాయాలి. సైనికుడి నంబరు తప్పక రాయండి.

ఏ బొమ్మ ఏ డివిజన్‌ది?

తరచుగా కనిపించేవి చెబుతాను. ఎర్ర డేగ 4వ భారత డివిజన్‌ది. నల్ల గుడ్డ మీద ఎర్రని గుండ్రం 5వ డివిజన్‌ది, నలుపు మీద బంగారు రంగు బాణం 7వ డివిజన్‌ది. నల్లపిల్లి 17వ డివిజన్‌ది. బాకు దూసిన చేయి ఉంటే 19వది, కత్తి పట్టిన చేయి ఉంటే 20వది. ఈ రెండింటినీ చాలామంది కలిపేస్తారు. బాకు ఎరుపు మీద పసుపులో, కత్తి నలుపు మీద తెలుపులో ఉంటాయి. ఎర్ర కోడిపుంజు 23వ డివిజన్, ఆకుపచ్చ మీద నల్లని ఇస్పేటు 25వది, త్రిభుజంలోంచి బయటికి వస్తున్న పులి 26వది.

బర్మా రంగంలో బ్రిటిష్ జనరల్ స్లిమ్ నడిపిన 14వ సైన్యానిది ఎర్ర డాలు, దాని మీద మొన కిందికి ఉన్న ఖడ్గం. మొన పైకి ఉంటే అది తప్పుగా కుట్టిన నకలు.

వీటిలో 19వ డివిజన్ 1941లో సికింద్రాబాదులో, 25వది 1942లో బెంగళూరులో ఏర్పడ్డాయి. మన వైపు బాకు, ఇస్పేటు కనిపిస్తే నేను మరింత శ్రద్ధగా చూస్తాను.

ఇప్పటి సైన్యంలోనూ అవే గుర్తులు ఉన్నాయి కదా! పాతదేదో, కొత్తదేదో ఎలా తెలుస్తుంది?

మన దేశంలో ప్యాచ్‌లు సేకరించేవారికి అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇదే. విదేశీ మార్గదర్శకాల్లో దీని ప్రస్తావన దాదాపు ఉండదు. స్వాతంత్ర్యం తర్వాత కూడా 4వ డివిజన్ ఎర్ర డేగనే, 19వది బాకునే, 25వది ఇస్పేటునే, 26వది పులినే నిలుపుకున్నాయి. నల్లపిల్లి నేటికీ 17వ డివిజన్‌దే. బంగారు బాణం అయితే సరిహద్దుకు అటూ ఇటూ రెండు సైన్యాల్లోనూ ఉంది. కాబట్టి మీ చేతిలోని ఇస్పేటు ప్యాచ్ నకిలీ కాకపోవచ్చు, నిజమైన సైనికుడే పెట్టుకుని ఉండవచ్చు, అయినా యుద్ధకాలానిది కాకపోవచ్చు. దానిని 1945 నాటిదని అమ్మడమే మోసం.

గుర్తును పక్కన పెట్టి వస్తువును చూడండి. వెనుక వెల్క్రో ఉంటే యుద్ధకాలానిది కానే కాదు, దానికి పేటెంటు వచ్చిందే 1950లలో. వెనుక ప్లాస్టిక్ పూత, మెరిసే పాలియెస్టర్ దారం, మచ్చల యూనిఫారానికి సరిపోయే మసక రంగులు కనిపించినా తర్వాతివే. దేవనాగరి అక్షరాలు ఉన్న భుజం పట్టీలు, అశోక సింహాలు ఉన్న బొత్తాలు కూడా వాటితో వస్తే, ఆ సామాను మొత్తం రిపబ్లిక్ వచ్చాక వాడినదని తెలిసిపోతుంది. 1947కు ముందు సింహాల చోట కిరీటం ఉండేది.

1950లలో నూలు గుడ్డ మీద నూలు దారంతో కుట్టినవి మాత్రం యుద్ధకాలపు వాటినుంచి వేరు చేయడం కష్టం. అలాంటి వాటిని నేను ఆల్బమ్‌లో ‘1940లు–50లు’ అని రాసి పెడతాను. ధర కూడా ఆ లెక్కనే కట్టాలి. అమ్మేవారు ‘కచ్చితంగా 1944’ అంటే, ఆ కచ్చితం ఎక్కడినుంచి వచ్చిందో కాగితం చూపమనండి.

పరిశీలనకు ఏమేమి కావాలి?

పదింతలు చూపే భూతద్దం, పగటి వెలుతురు, సన్నని పట్టకారు, షాపుల్లో నోట్లు పరీక్షించే చిన్న అల్ట్రావయొలెట్ లైటు. ఇంతకు మించి అక్కర్లేదు.

## చేతిలోకి తీసుకున్నప్పుడు

ముందు ఎటువైపు చూడాలి?

వెనుక వైపు. నకలు చేసేవారి శ్రద్ధంతా ముందు వైపు బొమ్మ మీదే ఉంటుంది.

ఈ మధ్య చూసిన ఒక బాకు ప్యాచ్ సంగతి చెబుతాను. ముందువైపు ఎరుపు వెలిసి ఇటుక రంగుకు తిరిగింది. వెనక్కి తిప్పితే అదే ఎరుపు, పసుపు దారాల సందున, ఎండ తగలని చోట ఇంకా నిండుగా ఉంది. పసుపు దారం ఒక్కో వేలికి ఒక్కో వాలులో సాగింది. వెనుక ముడులు చిన్నచిన్నగా, అరిగి, గుడ్డలోకి అణిగిపోయి ఉన్నాయి. నాలుగు మూలలా తుప్పు వలయాలు, మధ్యలో ప్రెస్ బొత్తాలు ఊడిన రంధ్రాలు. వేడి ప్రదేశాల్లో చొక్కాలు తరచు ఉతకాల్సి రావడంతో ప్యాచ్‌ను తీసి పెట్టుకునేలా ఇలా బొత్తాలతోనో, కొక్కేలతోనో బిగించేవారు. రంగు, ముడులు, తుప్పు మూడూ ఒకే వాడకాన్ని చెబుతున్నాయి. అలా ఒకదానికొకటి పొసగాలి.

దీనికి విరుద్ధంగా ముందు, వెనుక ఒకే మోతాదులో వెలిసి, ముడులు మాత్రం నిన్న వేసినట్టు నిక్కి ఉంటే ఆ పాతదనం రసాయనంతో తెచ్చినదే.

కుట్టు వంకరగా, మోటుగా ఉంది. నకిలీ అనుకోవాలా?

అనుకోనక్కర్లేదు. యుద్ధరంగానికి దగ్గరి బజార్లలో దర్జీలు కుట్టిన ప్యాచ్‌లు ఎన్నో ఉన్నాయి. చైనా, బర్మా, భారత రంగంలో పనిచేసిన అమెరికన్ల ప్యాచ్ ఇందుకు మంచి ఉదాహరణ. పైన నీలం మీద చైనా సూర్యుడు, తెల్లని నక్షత్రం, కింద ఎరుపు తెలుపు చారలు ఉండే డాలు అది. అమెరికాలో యంత్రం మీద తయారైనవి ఉన్నాయి. ఇక్కడి బజార్లలో ఫెల్టు (ఒత్తి చేసిన మందపాటి గుడ్డ) మీద, తోలు మీద, జరీతో చేసినవీ ఉన్నాయి. ఏ రెండు ఒకేలా ఉండవు. సూర్యకిరణాలు ఎక్కువ తక్కువైనా, చారలు వంకరపోయినా దోషం కాదు. బజారులో చేసినదని చెబుతూ పది అచ్చం ఒకేలా ఉన్నవి చూపిస్తే మాత్రం అనుమానించండి.

మన దేశంలో చేత్తో కుట్టిన వాటిలో గొలుసు కుట్టు తరచుగా కనిపిస్తుంది. తిరుపతిలో మగ్గం వర్క్ చేసేవారికి ఒక ప్యాచ్ చూపించి, ఇది కొక్కెం మొన ఉన్న ఆరి సూదితో కుట్టిందా, మామూలు సూదితోనా, యంత్రంతోనా అని అడగండి. సైనిక చరిత్ర వారికి తెలియకపోయినా చేతి పని మీద వారి మాట నేను నమ్ముతాను. జాకెట్టు మీద రోజూ అదే పని చేసే కన్ను, దారం ఎక్కడ మొదలై ఎక్కడ తెగిందో క్షణంలో పట్టుకుంటుంది.

కంప్యూటర్ ఎంబ్రాయిడరీని ఎలా గుర్తుపట్టాలి?

భూతద్దంలో కుట్ల పొడవు చూడండి. వంపు తిరిగే చోట కూడా ప్రతి కుట్టు లెక్కగట్టినట్టు ఒకే పొడవులో ఉంటుంది. ఒక అక్షరం నుంచి మరోదానికి, ఒక రంగు నుంచి అదే రంగున్న మరో చోటికి దారం దాటిన గీతలు వెనుక కనిపిస్తాయి. వెనుక కాగితంలాంటి తెల్లని పొర అతికి, కుట్ల అంచున చింపినట్టు మిగిలి ఉంటుంది. దారం పాలియెస్టర్ కాబట్టి నిగనిగలాడుతుంది.

అయితే యంత్రపు కుట్టు కనిపించగానే కొత్తదని తేల్చవద్దు. అమెరికా ప్యాచ్‌లు 1940లలోనే పెద్ద యంత్రాల మీద వందల కొద్దీ తయారయ్యాయి. వాటిలో దారం నూలు, వెనుక తెల్లని దారం చిందరవందరగా పరచుకుని ఉంటుంది.

అంచు చుట్టూ దారం మందంగా గట్టులా చుట్టి ఉంది. ఇది మంచి పనితనమే కదా?

పనితనం మంచిదే, కాలం సరిపోదు. అమెరికా ప్యాచ్‌లకు మెర్రో యంత్రంతో అంచు కట్టడం 1960ల నుంచి వాడుకలోకి వచ్చింది. దాని ముందు అంచును కుట్టు పక్కనే కత్తిరించి వదిలేసేవారు, చేత్తో తాకితే పలుచగా ఉంటుంది. మెర్రో అంచు చివర వెనుక వైపు చిన్న దారపు తోక అతికించి ఉంటుంది. అది ఉన్న డేగ ప్యాచ్‌ను, అమెరికా 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ సైనికుడు 1944లో నార్మండీలో పెట్టుకున్నదని చెబితే నమ్మవద్దు.

కుట్టు పని లేదు, గుడ్డ మీద అచ్చు వేసి ఉంది. అలాంటివి ఉండేవా?

ఉండేవి. సామాను పొదుపు కోసం బ్రిటన్‌లో చాలా చిహ్నాలను నూలు గుడ్డ మీద ముద్రించారు. అచ్చు అనగానే చవకబారు నకలు అని పారేయకండి. రంగు నూలులోకి ఇంకి ఉండాలి. వేలితో రాస్తే రబ్బరు పొరలా తగిలినా, భూతద్దంలో చుక్కలు చుక్కలుగా కనిపించినా ఇప్పటి ముద్రణే.

జరీతో కుట్టిన ప్యాచ్‌ను ఎలా పరీక్షించాలి?

కంచి, వెంకటగిరి చీరలు తెలిసిన ప్రాంతం మనది, ఈ పరీక్ష మన ఇళ్లలో కొత్త కాదు. లోహపు జరీలో లోపల నూలో పట్టో ఉండి, దాని చుట్టూ సన్నని లోహపు తీగ చుట్టుకుని ఉంటుంది. కాలం గడిచిన కొద్దీ లోహం నల్లబడుతుంది, రాగి ఎక్కువైతే పచ్చగా చిలుము పడుతుంది. ప్లాస్టిక్ జరీ ఎన్నేళ్లైనా నల్లబడదు, ఊడిన పోగు వేడికి ముడుచుకుని కరుగుతుంది. ఎనభై ఏళ్ల నాటిదని చెప్పే జరీ ప్యాచ్ పెళ్లిచీర అంచులా తళతళలాడితే వదిలేయండి.

నా దగ్గరున్న పిల్లి ఎడమకు చూస్తోంది, పుస్తకంలోది కుడికి చూస్తోంది. తప్పుగా కుట్టారా?

చాలా చిహ్నాలను రెండు చేతులకూ జతగా చేసేవారు. బొమ్మ రెండు వైపులా ముందుకే చూడాలి కాబట్టి ఒకటి కుడికి, ఒకటి ఎడమకు తిరిగి ఉంటుంది. జత దొరికితే ఎప్పుడూ విడదీయకండి.

## అనుమానం తీరనప్పుడు

అల్ట్రావయొలెట్ లైటు కింద మెరిస్తే నకిలీయేనా?

గుడ్డను, దారాన్ని తెల్లగా కనిపించేలా చేసే రసాయనాలు యుద్ధం తర్వాతే విస్తారంగా వాడుకలోకి వచ్చాయి. అవి ఆ వెలుతురులో నీలి తెలుపుగా వెలుగుతాయి. అందుకే ఈ పరీక్షకు విలువ ఉంది. కానీ అసలు ప్యాచ్‌ను ఇంట్లో ఎవరో ఇప్పటి సబ్బుపొడితో ఉతికినా అలాగే వెలుగుతుంది. తేడా ఎక్కడంటే, ఉతికినది గుడ్డంతా పల్చగా వెలుగుతుంది. కొత్త దారంతో కుట్టినదైతే ఆ దారం ఒక్కటే గీతల్లా ప్రకాశిస్తుంది.

వెలగనంత మాత్రాన అసలుదని కాదు. వెలగని నూలు దారం ఈరోజూ దొరుకుతుంది. తిరస్కరించడానికి ఈ లైటు పనికొస్తుంది, ధ్రువీకరించడానికి పనికిరాదు.

దారం కాల్చి చూడమంటున్నారు. చేయవచ్చా?

ప్యాచ్ దగ్గరికి నిప్పు తేవద్దు. దానంతట అది ఊడిన పోగు ఉంటే, పట్టకారుతో పట్టుకుని, దూరంగా కాల్చండి. నూలు కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిద అవుతుంది. ఉన్ని వెంట్రుక కాలిన వాసన ఇస్తుంది. పాలియెస్టర్ కరిగి గట్టి పూసలా మారుతుంది. రేయాన్ కూడా నూలులాగే కాలుతుంది, అది యుద్ధానికి ముందునుంచీ ఉన్నదే కాబట్టి దోషం కాదు. ఊడిన పోగు లేకపోతే ఈ పరీక్షే వద్దు.

గోధుమ రంగు మరకలు, పురుగు తిన్న చిల్లులు ఉన్నాయి. ఇంకేం రుజువు కావాలి?

ఆ రెండింటినే నకలు చేయడం తేలిక. టీ డికాక్షన్‌లో ముంచిన గుడ్డ అన్ని చోట్లా సమంగా గోధుమ రంగుకు వస్తుంది, తడి చేత్తో రాస్తే వాసన కూడా పట్టిస్తుంది. చెమట మరక అలా సమంగా ఉండదు, అంచుల్లో గీతలు కట్టి మడతల్లో నిలుస్తుంది.

ఉన్ని పురుగు ఉన్నిని తింటుంది, నూలును వదిలేస్తుంది. ఉన్ని ఫెల్టు మీద నూలు దారంతో కుట్టిన ప్యాచ్‌లో ఫెల్టు తినేసి, దారపు బొమ్మ మాత్రం మిగలడం సహజం. నూలు డ్రిల్లు (మందపాటి నూలు గుడ్డ) మీద గుండ్రంగా, శుభ్రంగా చిల్లులు ఉంటే అవి కత్తెరతోనో, అగరుబత్తితోనో చేసినవి కావచ్చు. చిల్లు అంచు నల్లగా, గట్టిగా ఉందేమో భూతద్దంలో చూడండి.

స్వస్తిక ఉన్న ప్యాచ్ దొరికింది. జర్మనీదేనా?

కానక్కర్లేదు. అమెరికా 45వ డివిజన్ మొదట ఎర్రని చతురస్రం మీద పసుపు స్వస్తికనే పెట్టుకుంది. అక్కడి ఆదివాసుల సంప్రదాయంలోంచి తీసుకున్న గుర్తు అది. నాజీల వల్ల దానిని వదిలేసి 1939లో థండర్‌బర్డ్ పక్షికి మారారు. జర్మన్ ప్యాచ్‌లకు గిరాకీ ఎక్కువ, నకళ్లూ అంతే ఎక్కువ. కొత్తగా మొదలుపెట్టినవారు వాటి జోలికి వెళ్లవద్దనే నా సలహా.

ఆజాద్ హింద్ ప్యాచ్ ఒకటి అమ్మకానికి వచ్చింది. తీసుకోవచ్చా?

కాషాయం, తెలుపు, ఆకుపచ్చ మీద దూకే పులి, పైన ‘ఫ్రైయెస్ ఇండియెన్’ అని రోమన్ అక్షరాలు ఉంటే అది జర్మనీలో ఏర్పడిన ఇండియన్ లెజియన్ చిహ్నం. ఆగ్నేయాసియాలో నేతాజీ నడిపిన ఫౌజుది కాదు. ఈ రెండింటినీ కలిపి చెప్పే అమ్మకందారుకు తన చేతిలో ఏముందో తెలియదన్నమాట. నేతాజీ పేరు మీద మనకున్న గౌరవాన్ని సొమ్ము చేసుకునేవారు ఎక్కువ. ఆ సైనికుడి కుటుంబం నుంచి కాగితాలతో సహా వస్తే తప్ప కొనకండి.

## కొనేటప్పుడు

అమ్మే ఆయన మాజీ సైనికుడి ఇంటి నుంచి తెచ్చానంటున్నారు. నమ్మవచ్చా?

నమ్మినా దానికి విడిగా డబ్బు కట్టవద్దు. ఎవరి ఇల్లు, ఏ ఊరు, ఏ దళం అని మర్యాదగా అడగండి. నిజంగా ఇంటి నుంచి వచ్చిన వస్తువు సాధారణంగా ఒంటరిగా రాదు. ఒక ఫోటో, ఒక జీతం పుస్తకం, పతకాల రిబ్బను ముక్క, ఏదో ఒకటి తోడు ఉంటుంది. ఫోటోలో చేతి మీద ప్యాచ్ కనిపిస్తే అంతకన్నా కావలసింది లేదు.

కుటుంబమే నేరుగా అమ్మడానికి వస్తే ముందు ఇంట్లోనే ఉంచుకోమని చెప్పండి. వారు కాదంటే అప్పుడు న్యాయమైన ధర ఇచ్చి, ఆ సైనికుడి పేరు, ఊరు, నంబరు వారి చేత్తోనే రాయించుకోండి.

ఫోటో చూసి ఆన్‌లైన్‌లో కొనవచ్చా?

వెనుక వైపు ఫోటో, అంచు దగ్గరి ఫోటో పగటి వెలుతురులో తీసి పంపమనండి. పంపనివారి దగ్గర కొనవద్దు. అదే అమ్మకందారు పాత జాబితాలు తిరగేయండి. ఒకే ‘అరుదైన’ ప్యాచ్ నెలనెలా ప్రత్యక్షమవుతుంటే అది ఎక్కడో తాజాగా తయారవుతోంది.

## కొన్నాక

ఉతికి, ఇస్త్రీ చేసి పెట్టవచ్చా?

వద్దు. సబ్బు నీళ్లు రంగును, తుప్పు వలయాలను, చెమట గీతలను తీసేస్తాయి. అవే కదా సాక్ష్యాలు! దుమ్ము ఉంటే మెత్తని కుంచెతో దులపండి, చాలు.

మన ఎండలకు, వానలకు ఎలా దాచాలి?

గోడకు తగిలించి ఎండ తగలనివ్వకండి. మెత్తని పీవీసీ కవర్లు కాలం గడిచిన కొద్దీ జిగురు వదులుతాయి, వాటిలో పెట్టకండి. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, చెక్క బీరువాలో కాకుండా అట్టపెట్టెలో పెట్టండి. కలరా ఉండలు వేస్తే గుడ్డకు నేరుగా తగలకుండా విడిగా మూట కట్టి వేయండి. ఆల్బమ్‌లో జిగురుతో అతికించవద్దు. వానాకాలం పోయాక ఒకసారి తీసి గాలి తగలనివ్వండి.

విదేశంలో ఉన్న స్నేహితుడికి పంపవచ్చా?

100 ఏళ్లు దాటిన హస్తకళా వస్తువులు 1972 నాటి పురావస్తు చట్టం కిందికి వస్తాయి, వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. మొదటి ప్రపంచ యుద్ధపు వస్తువులు ఇప్పటికే ఆ వయసు దాటాయి. వాటిని పంపే ఆలోచన ఉంటే ముందు పురావస్తు శాఖను అడగండి.

చొక్కా మీద పెట్టుకోవచ్చా?

సైనికుడిగా నమ్మించే ఉద్దేశంతో సైనిక దుస్తులు, చిహ్నాలు ధరించడం నేరం. ఈ గుర్తుల్లో చాలావాటిని ఈరోజూ సైనికులు పెట్టుకుంటున్నారు. వారి మీది గౌరవంతోనైనా ఆల్బమ్‌లోనే ఉంచండి.

కొన్న ప్యాచ్ నకలు అని తేలింది. పారేయాలా?

పారేయకండి, తిరిగి అమ్మకండి కూడా. దాని కవరు మీద ‘నకలు’ అని, ఏ కారణంతో తేలిందో రాసి, అసలు ప్యాచ్ పక్కనే పెట్టండి. కొత్తగా చేరేవారికి చూపించడానికి అంతకన్నా మంచి వస్తువు దొరకదు. ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే, వెనుక వైపు చెరగని సిరాతో ఆ మాట రాశాకే చేయి దాటించండి.